మేనల్లుడి పూచీ
హైదరాబాద్ శివార్లలో ప్రీలాంచ్ ప్లాట్లు, అంటే నమోదుకు ముందే బేరానికి పెట్టినవి, అమ్మిపెట్టే పనికి స్థిరాస్తి ఓనమాలు తెలియని కుర్రాళ్లను దించుతున్నారు. రంగుల బ్రోచరు, ఫోనులో బంధువుల నంబర్లు, వారి పెట్టుబడి ఇంతే. సంస్థ బోర్డు తిప్పేస్తే మేనమామ నిలదీసేది మేనల్లుడినే. పైగా, నమోదు తప్పనిసరైన ప్రాజెక్టును అది లేకుండానే అమ్మిపెట్టిన ఏజెంటుకు 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) కింద రోజుకు రూ.10 వేల జరిమానా. అది ఆస్తి ధరలో 5 శాతం దాకా పెరగవచ్చు. కమీషన్ లెక్కలు ఊరించే హోటల్ సభల్లో ఈ ముక్క వినిపించదు. మహారాష్ట్ర 2023లోనే ఏజెంట్లకు శిక్షణ, పరీక్ష తప్పనిసరి చేసింది. అలాంటి వడపోత ఇక్కడా పకడ్బందీగా సాగాలి. కుర్రాళ్లకు నోటీసులిచ్చి చేతులు దులుపుకోకుండా, వసూలైన సొమ్మును అధికారులు ముందు సంస్థల నుంచే కక్కించాలి.