కొలత లేని వాగుకు లెక్క కట్టేదెలా?

మేడ్చల్‌, శామీర్‌పేట: 2024లో హైడ్రా ఏర్పడ్డాక ఎఫ్‌టీఎల్‌ అన్న మాట ప్లాటు కొనుక్కున్న ప్రతి కుటుంబానికీ కంఠస్థమైంది. చెరువు మత్తడి ఎత్తును బట్టి ఎఫ్‌టీఎల్‌ సర్వేలోనే తేలిపోతుంది. భారీ వానకు నీరు ఆ మట్టంపైకి ఎంత లేస్తుంది, మత్తడి దూకిన నీటికి దిగువన ఎంత వెడల్పు నాలా కావాలి అన్నవి మాత్రం సర్వేతో తేలేవి కావు. వాటికి పరీవాహక నమూనా అవసరం. చిక్కంతా అక్కడే ఉంది.

పడిన వానలో ఎంత ఇంకుతుంది, ఎంత పారుతుంది అన్నది నమూనా అంచనా కడుతుంది. నేల స్వభావం, వాలు, కట్టడాలను బట్టి ఒక గుణకం ఎంచుకుంటారు. వాగులో నిజంగా పారిన నీటితో పోల్చి ఆ గుణకాన్ని దిద్దుకుంటారు. దీన్నే కాలిబ్రేషన్‌ అంటారు. కానీ చిన్న వాగులపై ప్రవాహాన్ని ఏళ్ల తరబడి కొలిచిన దాఖలాలు అరుదు. పోల్చడానికి కొలతే లేనప్పుడు దిద్దుబాటు ఎక్కడిది?

వాన లెక్క దగ్గరే తేడా మొదలవుతుంది. 2020 అక్టోబరు 13, 14 తేదీల కుండపోతలో ఘట్‌కేసర్‌ మండలం సింగపూర్‌ టౌన్‌షిప్‌ వద్ద 32 సెంటీమీటర్లకు పైగా నమోదైతే, బేగంపేట వాతావరణ కేంద్రంలో నమోదైంది సుమారు 19 సెంటీమీటర్లే. ఘట్‌కేసర్‌ వైపు ఒక చెరువులోకి, పరీవాహకమంతా పరిచి చూస్తే, 13 సెంటీమీటర్ల మందం నీరు చేరిందనుకుందాం. బేగంపేట వర్షంతో లెక్కిస్తే వానలో 68 శాతం పారినట్లు వస్తుంది. స్థానిక వర్షంతో లెక్కిస్తే 41 శాతమే. రెండు నమూనాలూ ఆ ఒక్క వరదకు చక్కగా సరిపోతాయి. మరుసటి వానకు వాటిలో ఒకటి నిలువునా ముంచుతుంది.

కొలతల కరవు కొత్తది కాదు. నిజాంసాగర్‌ నిర్మాత నవాబ్‌ అలీ నవాజ్‌ జంగ్‌ బహదూర్‌ పేరిట ఉన్న వరద సూత్రానికి పరీవాహక విస్తీర్ణం తెలిస్తే చాలు. గుణకాన్ని మాత్రం 48 నుంచి 60 మధ్య ఇంజినీరే ఎంచుకోవాలి. అంటే ఒకే వాగుకు 48తో సెకనుకు 600 ఘనపు మీటర్ల వరద వస్తే, 60తో 750 వస్తుంది. సూత్రం ఈ సందిగ్ధతను దాచలేదు. రంగుల పటాలతో వచ్చే నేటి నివేదికల్లో ఒక్క అంకె మాత్రమే కనిపించినప్పుడు అనుమానించక తప్పదు.

మత్తడే కొలబద్ద

మన దగ్గర వాడుకోని సాధనం ఒకటుంది. అది మత్తడి. దాని పొడవు, దానిపై నీటి మందం తెలిస్తే ప్రవాహాన్ని గణించవచ్చు. వెడల్పాటి గట్టున్న 50 మీటర్ల మత్తడిపై నీరు అర మీటరు మందాన దూకితే సెకనుకు సుమారు 30 ఘనపు మీటర్లు. మందం 60 సెంటీమీటర్లయితే దాదాపు 40. పది సెంటీమీటర్ల పొరపాటుకు మూడో వంతు తేడా! అయినా అసలు కొలతే లేకపోవడం కంటే ఇది ఎంతో నయం. గట్టు పక్కన రంగుతో గీతలు వేయించి, వాన రోజుల్లో గంటకోసారి నీరటి చేత మట్టం రాయిస్తే నాలుగైదు వర్షాకాలాల్లో నమూనాను దిద్దుకునే సామగ్రి చేతికొస్తుంది. ఖర్చు ఒక డబ్బా రంగు, ఒక నోటుపుస్తకం, ఆ మనిషికి కూలి.

అప్పటిదాకా ఏం చేయాలి? 1992లో బ్రిటన్‌ శాస్త్రవేత్తలు కీత్‌ బెవెన్‌, ఆండ్రూ బిన్లే ఒక దారి చూపారు. ఉత్తమ గుణకం ఒక్కటే ఉంటుందని భ్రమపడకుండా వేల గుణకాలతో నమూనాను నడిపి, ఉన్న కొద్దిపాటి కొలతలకు ఆమోదయోగ్యంగా సరిపోయినవన్నీ ఉంచుకుని, ఫలితాన్ని కింది హద్దు, పై హద్దుగా ప్రకటించాలన్నారు. నగరానికి దక్షిణాన మహేశ్వరం పరీవాహకంలో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఫ్రెంచి శాస్త్రవేత్తలు 2006లో వెలువరించిన అధ్యయనమూ అలాగే నడిచింది. అక్కడి శిల తన పరిమాణంలో వదలగలిగే నీరు 1.4 శాతమని చెబుతూ, అటూ ఇటూ 0.3 తేడాను పక్కనే రాశారు.

పైగా ఇక్కడ నేలే మారిపోతోంది. పంట పొలాలు వెంచర్లయిన చోట పాత గుణకం చెల్లదు. కాబట్టి నాలా వెడల్పు నిర్ణయించేటప్పుడు పై హద్దును, ఆయకట్టుకు అందే నీటిని అంచనా వేసేటప్పుడు కింది హద్దును పట్టుకోవాలి. ఏ కేంద్రం వర్షాన్ని, ఏ ఏటి భూవినియోగాన్ని తీసుకున్నారో అనుమతి దస్త్రంలోనే రాయాలి. అది అడిగే హక్కు దిగువనున్న రైతుకూ, ప్లాటు యజమానికీ ఉంది.