మరక పోవాలి, గోడ ఉండాలి

పిల్లలూ! మన ఇంటి గోడకు మరక అయితే ఏం చేస్తాము? పండగకు సున్నం కొట్టిస్తాము; మరక దాని కింద దాగిపోతుంది. కాని అమెరికాలో చాలా ఇళ్ళకు సున్నం ఉండదు. చెక్కతో కట్టిన గోడలకు బయటివైపున వినైల్ పలకలు బిగిస్తారు. వాటి రంగు పైన పూసినది కాదు, పలకలోనే కలిసి ఉంటుంది.

అటువంటి గోడ మీద రంగు చింది ఎండిపోయిందనుకోండి. రంగును కరిగించే ద్రవంతో తుడిస్తే సరి అని మీకు తోచవచ్చు. తొందరపడకండి!

మీ ఇంట్లో నీళ్ళు వచ్చే పి.వి.సి. గొట్టాలు చూశారు గదా? వినైల్ పలక కూడా ఆ పదార్థమే. గొట్టాలను అతికేటప్పుడు పనివాడు ఘాటైన జిగురు పూస్తాడు. అందులోని ద్రవాలు గొట్టాల పైపొరలను మెత్తబరుస్తాయి. మెత్తబడిన పొరలు రెండూ కలిసిపోతాయి. ద్రవం ఆవిరి కాగానే గట్టిపడతాయి. గోళ్ళరంగు తీసే అసిటోను కూడా వినైలును ఇలాగే మెత్తబరుస్తుంది. దానితో తుడిస్తే గోడ నునుపు చెడి మచ్చ పడుతుంది. మరక పోయినా ఆ మచ్చ పోదు!

అందుచేత, నీళ్ళలో కలిపే రంగు చిందితే తడి ఆరకముందే సబ్బునీళ్ళతో కడగాలి. ఎండిపోతే ప్లాస్టిక్ బద్దతో మెల్లగా గీకాలి. ఇనప చాకు గీతలు పెడుతుంది.

చెమ్మకు పట్టిన బూజు మరకలకు మూడు పాళ్ళు వెనిగరు, ఏడు పాళ్ళు నీళ్ళు కలిపి రుద్దుతారు. కాని జాగ్రత్త! వెనిగరులో బ్లీచింగు ద్రవం ఎన్నడూ కలపరాదు. కలిపితే క్లోరిను వాయువు పుట్టి ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. మన ఇళ్ళలో స్నానాలగది కడిగే యాసిడ్డునూ, బ్లీచింగు పౌడరునూ కలిపినా ఇదే ప్రమాదం.

ఇంకొక తమాషా విన్నారా? ఈ గోడను కిందినుంచి పైకి కడగాలి! పైనుంచి మొదలుపెడితే మురికినీళ్ళు కింది పొడిగోడ మీద చారలు కట్టి ఎండిపోతాయి. కింది భాగం ముందే తడిసి ఉంటే జారిపోతాయి. చివరకు గోడనంతా మంచినీళ్ళతో కడిగేస్తే సరి.

గోడకైనా, చొక్కాకైనా, బల్లకైనా సూత్రం ఒక్కటే. మరక దేనిదో తెలిస్తే చాలదు, అది దేని మీద పడిందో కూడా తెలియాలి. ముందు ఎవరికీ కనిపించని మూల కొంచెం పరీక్షించి చూడాలి. ఘాటైన ద్రవాలు వాడవలసివస్తే మాత్రం మీరు ముట్టుకోకండి, పెద్దవాళ్ళను పిలవండి.