దస్తా విరిగితే ఉస్తరా బేకారా?

మా నానా ఉస్తరాను పాత ఇనుప సామాన్లవాడికి వేసేద్దామని పోయిన నెల మా ఇంట్లో ఫైసలా అయిపోయింది. నన్నెవరూ అడగలేదు. అమ్మీ సందూక్ సర్దుతుంటే అడుగున బయటపడింది, మల్మల్ గుడ్డలో చుట్టి. దస్తా రెండు చెక్కల్లో ఒకటి నిలువునా చీలి ఉంది. "విరిగిందాన్ని ఏం చేసుకుంటావ్ బేటా, బేకార్" అన్నాడు మామూ.

దస్తా విరగడం ఒట్టి బహానా. మామూ కూతురికి సంబంధాలు చూస్తున్నారు. వచ్చినవాళ్ళ కంట అది పడితే మా నానా హజ్జామ్ అని తెలిసిపోతుంది. అదీ అసలు సంగతి.

సాఫ్‌గా మాట్లాడుకుందాం. 2007లో చట్టమైన బీసీ-ఇ జాబితాలో 14 సమూహాలున్నాయి. అందులో హజామ్, నాయి, నావిద్ అని మా పేరుంది. కాలేజీ సీటు కోసం తహసీల్దార్ ఆఫీసులో ఆ పేరు రాయించుకోవడానికి మనకు శరమ్ లేదు. దావత్‌లో పక్కన కూర్చున్నాయన "మీ బుజుర్గులు ఏం చేసేవాళ్ళు?" అంటే మాత్రం నీళ్ళు నములుతాం. మన పనిని గాలీగా వాడేవాళ్ళకి జవాబు చెప్పడం చేతకాక, సందూక్‌లో ఉన్న గవాహీని కిలోల లెక్కన తూకానికి వేస్తామా? అమ్మీ, మామూ చదువుకున్నది ఆ ఉస్తరా ఆమ్దనీతోనే.

మామూ భయం ఝూట్ అని నేననను. ఇప్పటికే రెండు సంబంధాలు అలాగే తప్పిపోయాయి. ఆ రెండు ఇళ్ళవాళ్ళూ జుమ్మా రోజు మా భుజానికి భుజం తగిలేలా సఫ్‌లో నిలబడేవాళ్ళే. శరమ్ పడాల్సింది వాళ్ళు కదా మామూ, మీరెందుకు?

ఇక మరమ్మత్ సంగతి. ఉస్తరాకి ప్రాణం ఉక్కులో ఉంటుంది. దస్తా దాని చొక్కా. చిరిగితే ఇంకోటి కుట్టించుకుంటాం.

ఈలోపు ఖాలా కొడుకు దిగాడు. "ఆగండి, ఇది హాథీ దాంత్! ఆన్‌లైన్‌లో లక్షలు పలుకుతుంది." నిజంగా దంతమే అయితే అమ్మడం 1972 వన్యప్రాణి చట్టం కింద జుర్మ్, జైలుకు పోతావు మియా అన్నాను. అయినా అది దంతం కాదు. దంతాన్ని అడ్డంగా కోసిన చోట గీతలు ఒకదాన్నొకటి దాటుతూ వల అల్లినట్టుంటాయి. దీని మీద స్కేలు పెట్టి గీసినట్టు తిన్నటి గీతలున్నాయి. దంతానికి బదులుగా 19వ శతాబ్దంలో వచ్చిన సెల్యులాయిడ్ ఇది. సూది కాల్చి గుచ్చి చూస్తానన్నాడు. చేయి పట్టుకుని ఆపాను. సెల్యులాయిడ్ భగ్గున అంటుకుంటుంది.

దానికి ఇంకో పాడు గుణం ఉంది. పాతబడి కుళ్ళడం మొదలయ్యాక యాసిడ్ ఆవిరి వదులుతుంది. మడిచిపెట్టిన ఉస్తరాకి లోపలే జంగ్ పడుతుంది. నానా ఉస్తరా చూడండి: దస్తా లోపల ఉండే భాగానికే జంగ్, బయట ఉండే కాడ శుభ్రం. పారేయాల్సింది దస్తాని, వీళ్ళేమో ఉస్తరానే పారేస్తామంటున్నారు!

కాడ మీద సోలింగెన్ అని ముద్ర ఉంది. జర్మనీ ఉక్కు. కొత్త దస్తాకి బర్రె కొమ్ము ఎంచుకున్నాను. పర్లాకిమిడిలో కొమ్ముతో బొమ్మలు, దువ్వెనలు చేసే కారీగర్లున్నారు. శ్రీకాకుళం దోస్తు అక్కడి నుంచి ఒక పలక తెచ్చిచ్చాడు. ఒకప్పుడు మన దేశపు బర్రె కొమ్ములే ఓడెక్కి ఇంగ్లండులోని షెఫీల్డ్‌కి పోయి, అక్కడి కత్తులకు పిడులయ్యేవి. అక్కడ పోతే ఖాందానీ మాల్, ఇక్కడ ఉంటే కచ్రా.

చేయాలనుకునేవాళ్ళు ముందు అంచుకి టేపు చుట్టండి. నేను చుట్టకుండా మొదలుపెట్టి బొటనవేలు కోసుకున్నా. పాత రివెట్ తలని ఆకురాయితో అరగదీసి, సన్న మేకుతో అవతలికి దించాలి. గుంజితే కాడ బెజ్జం చెడుతుంది. పాత చెక్కని అచ్చుగా పెట్టి కొమ్ము మీద గీసుకోండి. కొమ్ము ఒంకరగా ఉంటే మరిగే నీళ్ళలో ఉంచి, మెత్తబడ్డాక రెండు పలకల మధ్య బిగించి చల్లారనివ్వండి. ఒక్కో చెక్క రెండున్నర మిల్లీమీటర్ల మందం చాలు. రెండు చెక్కల్నీ టేపుతో జత కట్టి ఒకేసారి బెజ్జం వేయాలి. విడివిడిగా వేస్తే, మూసినప్పుడు అంచు పోయి పక్క చెక్కకి తగులుతుంది. తోక వైపు చెక్కల మధ్య చిన్న ఆప్ ముక్క కావాలి. పాతవాటిలో సీసం పెట్టేవాళ్ళు, నేను కొమ్ముదే పెట్టాను. ఇత్తడి తీగ 1.6 మిల్లీమీటర్లది, రెండు వైపులా వాషర్లు. తీగ తలని చిన్న గుండు సుత్తితో మెల్లగా, చుట్టూ తిప్పుతూ కొట్టాలి. తొందరపడితే కొమ్ము చీలుతుంది. నాకు ఒక జత అలాగే పోయింది. కొమ్ము పొడి వాసన గురించి చెప్పను, ముక్కుకి గుడ్డ కట్టుకోండి, అంతే.

నాలుగు ఇత్వార్లు పట్టింది. దుకాణంలో గిరాకీలకి మార్చుకునే బ్లేడు ఉస్తరానే వాడాలి, ఒకరి రక్తం ఇంకొకరికి అంటకూడదు. అందులో బహస్ లేదు. ఇది నా గడ్డం కోసం. ఇదే పనిని పట్నం కుర్రాళ్ళు 'వెట్ షేవింగ్' అని వేలు పోసి నేర్చుకుంటున్నారు. వాళ్ళ చేతిలో శౌక్, మన చేతిలో నీచమా?

మామూ వచ్చి ఉస్తరాని తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు. "అబ్బా దస్తా ఇంకొంచెం సన్నగా ఉండేది" అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు. షోకేసులో పెడితే ఇంతవరకు తీయలేదు కూడా.

ఇంకో జతకి సరిపడా కొమ్ము నా దగ్గర మిగిలింది. మీ సందూక్ అడుగున ఏదైనా ఉంటే తూకానికి వేయకండి, నాకు చెప్పండి.