టిక్కెట్టు ఎవరి చేతిలో వుంది?

సెలవులు దగ్గర పడుతున్నాయంటే చాలు, నాకు వచ్చే ఉత్తరాల్లో ఒక ప్రశ్న తప్పకుండా వుంటుంది. "ఫలానా ఊరు వెళుతున్నాం. అక్కడ తిరగడానికి రోజంతటికీ కారు మాట్లాడుకోవడం మంచిదా, బస్సుల్లో తిరగడం మంచిదా?" అని. ఈ ప్రశ్న రాసేది ఎప్పుడూ ఇల్లాలే. మగవారు రాయరు. వారికి జవాబు ముందే తెలుసు గదా! స్టేషనులో దిగీ దిగగానే ఒక టాక్సీ మాట్లాడి, సామాన్లతో పాటు సంసారాన్ని కూడా అందులో సర్దేస్తే వారి బాధ్యత తీరిపోయినట్టే.

కారు మంచిది కాదని నేననను. చంటిపిల్లల తల్లికీ, మోకాళ్ల నొప్పులవారికీ, నాలుగు పెట్టెలు మోసుకొచ్చినవారికీ కారే సుఖం. కాని కారులో తిరిగితే ఊళ్లో చూడవలసిన చోట్లు కనబడతాయి గాని ఊరు కనబడదు. మ్యూజియం ముందు దిగుతాం, ఎక్కుతాం. గుడి ముందు దిగుతాం, ఎక్కుతాం. మధ్యనున్నదంతా అద్దానికి అవతలే. ఎక్కడ ఎంతసేపు వుండాలో చెప్పేది మన మనసు కాదు, డ్రైవరు చేతి గడియారం.

ఈ వారం కలకత్తా సంగతి చెబుతాను. 2001లో ఆ ఊరి పేరు కోల్‌కతా అయింది గాని, మన ఇళ్లల్లో అది ఇంకా కలకత్తాయే. శరత్ నవలలు తెలుగులో చదివీ చదివీ, ఆ వీధుల్లో మనకి బంధువులున్నారేమో అనిపించేటంతగా అలవాటు పడ్డాం. అదీగాక, బస్సూ, మెట్రో రైలూ, ట్రామూ, లాంచీ నాలుగూ వున్న ఊరు మనదేశంలో అదొక్కటే. తిరగడం నేర్చుకోవడానికి అంతకంటె మంచి బడి దొరకదు.

2024 డిసెంబరులో మేము వెళ్లాం. మావారూ, నేనూ, మా చిన్నవాడూ, మా పిన్నీ. పిన్నికి అప్పటికి 68 ఏళ్లు. బాబాయిగారు పోయి ఆరేళ్లయింది. కాశీ, రామేశ్వరం, తిరుపతి అన్నీ చూసిన మనిషే గాని, ఏనాడూ తన టిక్కెట్టు తను పట్టుకుని ఎరగదు. మొదట బాబాయిగారి జేబులో వుండేది. తరవాత కొడుకు జేబులోకి వెళ్లింది. ఈ ప్రయాణంలో మావారి జేబులో వుంది.

హౌరా స్టేషనులోంచి బయటికి రాగానే టాక్సీలవాళ్ల కేకలు చుట్టుముడతాయి. కంగారు పడకండి. స్టేషనుకి ఎదురుగానే హుగ్లీ నది, దాని ఒడ్డున లాంచీల రేవు వున్నాయి. సామాను తక్కువయితే తిన్నగా అక్కడికి నడవండి. కొద్ది రూపాయల టిక్కెట్టుతో బాబూఘాట్ దగ్గరో, ఫెయిర్లీ ఘాట్ దగ్గరో దింపుతారు. లాంచీలోంచి హౌరా వంతెనను చూస్తే, అది ఎంత పెద్దదో అప్పుడు తెలుస్తుంది. 1943లో తెరిచిన ఆ వంతెనకు నది మధ్యన ఒక్క స్తంభం లేదు. నట్లూ బోల్టులూ లేకుండా ఉక్కునంతా రివెట్లతో బిగించారు. 1965లో రవీంద్ర సేతు అని పేరు పెట్టినా, జనం నోట హౌరా వంతెన అన్న మాటే నిలిచిపోయింది.

నది మీదుగా వద్దనుకుంటే నది కిందుగా వెళ్లవచ్చు! 2024 మార్చి నుంచి హౌరాకీ ఎస్ప్లనేడుకీ మధ్య మెట్రో రైలు నడుస్తోంది. హుగ్లీ అడుగున సొరంగం 520 మీటర్లు. రైలు దాన్ని 45 సెకండ్లలో దాటేస్తుంది. "అయితే గంగమ్మ తల్లి మన నెత్తిమీద వుందన్నమాట!" అని పిన్ని కళ్లు మూసుకుని చేతులు జోడించింది. కళ్లు తెరిచేసరికి అవతలి ఒడ్డు వచ్చేసింది. 2025 ఆగస్టు 22 నుంచి ఈ దారి సియాల్దా మీదుగా సాల్ట్‌లేక్ దాకా ఏకమయింది. విమానంలో వచ్చేవారికి విమానాశ్రయం నుంచి కూడా ఆ నెలలోనే మెట్రో వచ్చింది.

ఇక అసలు మెట్రో సంగతి. మనదేశంలో మొట్టమొదటి మెట్రో రైలు కలకత్తాదే. 1984 అక్టోబరు 24న ఎస్ప్లనేడు నుంచి భవానీపూరు దాకా 3.4 కిలోమీటర్లు నడిచింది. ఇప్పుడది ఊరిని ఉత్తర దక్షిణాలుగా కుట్టిన దారంలా వుంది. ఒక కాగితం మీద నిలువుగా గీత గీసుకోండి. కింద కాళీఘాట్ రాయండి, అమ్మవారి గుడికి. దానిపైన మైదాన్, విక్టోరియా మెమోరియల్‌కి. ఆ పైన పార్క్ స్ట్రీట్, ఇండియన్ మ్యూజియంకి. తరవాత ఎస్ప్లనేడు, న్యూ మార్కెట్టులో బేరాలకి. ఆ పైన గిరీశ్ పార్కు, రవీంద్రుడు పుట్టిన జొరాసాంకో ఇంటికి. తరవాత శోభాబజారు, మట్టితో దుర్గమ్మ విగ్రహాలు చేసే కుమార్‌టులికి. చిట్టచివర దక్షిణేశ్వరం. కలకత్తాలో మనవాళ్లు చూడాలనుకునేవి ముప్పాతిక వంతు ఈ ఒక్క గీత మీదే వున్నాయి. ఈ దారిలో టిక్కెట్టు 5 రూపాయలతో మొదలై 25 రూపాయలతో ఆగుతుంది.

రెండు జాగ్రత్తలు. ఆఫీసులకు వెళ్లే వేళా, ఇళ్లకు మళ్లే వేళా పెద్దవాళ్లతో ఎక్కకండి. సోమవారం నాడు మ్యూజియం, విక్టోరియా మెమోరియల్‌లోని ప్రదర్శనశాలలు మూసి వుంటాయి. ఆ రోజు గుళ్లకీ నదికీ పెట్టుకోండి.

నేను గీసిన ఆ గీతను పిన్ని రాత్రి బసలో కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది. "ఇది ముగ్గులో చుక్కల్లాగే వుందే! ఏ చుక్క తరవాత ఏ చుక్కో గుర్తుంటే చాలు," అంది. నేనప్పుడు ఆ మాటను పెద్దగా పట్టించుకోలేదు.

బస్సుల దగ్గరికి వద్దాం. కలకత్తా బస్సు కండక్టరు నోట్లను నిలువుగా మడిచి వేళ్ల సందుల్లో పెట్టుకుని, బస్సు వంటిమీద చేత్తో చరుస్తూ, రాబోయే చోట్లన్నీ ఏకబిగిని అప్పజెబుతాడు. మొదట భయం వేస్తుంది. కాని ఆడవాళ్లు దిగేటప్పుడు చూడండి, "ఆస్తే లేడీస్, కోలే బాచ్చా!" అని కేకేస్తాడు. నెమ్మది, ఆడవాళ్లు దిగుతున్నారు, చంకలో బిడ్డ వుంది అని. చంకలో బిడ్డ లేకపోయినా సరే, ఆ కేకతో డ్రైవరు కాలు బ్రేకు మీదికి వెళుతుంది.

ఆటోలది మరో పద్ధతి. మన ఊళ్లలోలాగ "ఫలానా చోటికి ఎంత?" అని బేరమాడే ఆటోలు అక్కడ తక్కువ. చాలా ఆటోలు బస్సులాగే ఒక దారిలోనే వెళతాయి, వచ్చేస్తాయి. నలుగురు కలిసి ఎక్కుతారు. ఛార్జీ ఫలానా అని అందరికీ తెలుసు. మీ చేతిలో చిల్లర వుంటే చాలు. చిల్లరను వాళ్లు ఖుచరో అంటారు. అయిదు వందల నోటు తీస్తే మాత్రం ఆటో డ్రైవరు ముఖం చూడలేం!

మాటల విషయంలో బెంగపడవద్దు. నాలుగు మాటలు చాలు. దిగుతాను అనడానికి "నామ్‌బో", ఎంత అనడానికి "కొతో", కుడివైపుకి "డాన్ దిక్", ఎడమకి "బా దిక్". వీటికి ముందు మగవారినయితే దాదా అనీ, ఆడవారినయితే దీదీ అనీ పిలవండి. పెద్దవయసు ఆడవాళ్లను వాళ్లు "మాషీమా" అని పిలుస్తారు. మాషీ అంటే తల్లి తోబుట్టువు. అంటే పిన్నే! మా పిన్నికి ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి ఒకటే సంబరం. మాకు మాత్రమే పిన్ని అయిన మనిషి, హౌరాలో దిగేసరికి ఊరంతటికీ పిన్ని అయిపోయింది.

ట్రాము సంగతి చెప్పకుండా ముగిస్తే కలకత్తా వాళ్లు క్షమించరు. 1873 ఫిబ్రవరి 24న మొదటి ట్రామును గుర్రాలు లాగాయి. 1902లో కరెంటు ట్రాము వచ్చింది. మేము ఎస్ప్లనేడులో ఎక్కాం. నడిచే మనిషి కంటె కాస్త వేగం, అంతే. మావారు గడియారం చూసుకున్నారు. పిన్ని మాత్రం కిటికీ పక్కన కూర్చుని, ఒక్కొక్క మేడా, ఒక్కొక్క మిఠాయి కొట్టూ, వీధి కొళాయి దగ్గర తలంటుకుంటున్నవాళ్లనూ తీరిగ్గా చూస్తూ, "ఇదీ ప్రయాణమంటే!" అంది.

2024 సెప్టెంబరులో అక్కడి ప్రభుత్వం, ఎస్ప్లనేడు, మైదాన్‌ల మధ్య ఒక్క దారి వుంచి మిగిలిన ట్రాములు తీసేస్తామని ప్రకటించింది. రోడ్లు ఇరుకయ్యాయి, వాహనాలు పెరిగాయి అన్నది కారణం. అందులో నిజం లేకపోలేదు. కాని ఆ ఊరి చరిత్రలో ఇంకొక సంగతి కూడా వుంది. 1953లో ట్రాము రెండో తరగతి ఛార్జీ ఒక్క పైసా పెంచారు. అప్పుడు ట్రాములు లండనులో రిజిస్టరయిన కంపెనీవి. ఆ ఒక్క పైసా కోసం ఊరు ఊరంతా వీధుల్లోకి వచ్చింది. పెంచిన ఛార్జీ ఇవ్వమని పాత ఛార్జీయే ఇచ్చి కూర్చున్నారు. చివరికి పెంపు ఆగిపోయింది. పైసాకి ఇంత రభసా అని మనకి ఆశ్చర్యంగా వుండవచ్చు. కాని చాలీచాలని జీతగాడికి అది పైసా కాదు. ఇంట్లోంచి బయలుదేరి ఊళ్లోకి వెళ్లగలనా లేదా అన్న ప్రశ్న.

ఆ ప్రశ్న డబ్బున్న ఇళ్లల్లో కూడా వుంటుంది, వేరే రూపంలో. ఛార్జీ ఎంతయినా ఇవ్వగలిగి కూడా, తీసుకెళ్లేవాళ్లు లేక గడప దాటని ఆడవాళ్లు ఎంతమంది లేరు?

నాలుగో రోజు మేము న్యూ మార్కెట్టుకు వెళ్లాలనుకున్నాం. పొద్దున్నే పిన్ని స్నానం చేసి, చీర కట్టుకుని, సంచీ చేత్తో పట్టుకుని నిలబడింది. "మీరు బజారుకి వెళ్లండి. నేను మళ్లీ ఒకసారి దక్షిణేశ్వరం వెళ్లొస్తాను," అంది.

"ఒక్కదానివా?" అన్నారు మావారు.

"ఒక్కదాన్నే. కాళీఘాట్‌లో ఎక్కితే చివరి చుక్కలో దిగడమే గదా. మధ్యలో రైలు మారక్కర్లేదు."

"భాష రాదు, తప్పిపోతే?"

"తప్పిపోవడానికి నేనేం చంటిదాన్నా? ఇంత ఊళ్లో ఒక్క అక్కచెల్లెలి కూతురు దొరకదూ?"

మావారు నావంక చూశారు. నాకూ గుండెలో పీచుపీచుమంటూనే వుంది. ఆయన సెల్‌ఫోను నెంబరు, బస అడ్రసు చీటీ మీద రాసి ఆవిడ సంచీలో వేశాను. కాళీఘాట్ స్టేషను దాకా వెంట వెళ్లాను గాని, టిక్కెట్టు కౌంటరు దగ్గర ఆవిడ నన్ను చేత్తో వెనక్కి నెట్టింది. తనే వంగి, "దక్షిణేశ్వర్, ఏక్‌టా," అంది. ఆ "ఏక్‌టా" ఎప్పుడు నేర్చుకుందో నాకు తెలియదు.

ఆ రోజు న్యూ మార్కెట్టులో నేనేం కొన్నానో నాకే గుర్తులేదు.

మధ్యాహ్నం రెండు గంటలకి పిన్ని వచ్చింది. 1855లో రాణీ రాస్మణి కట్టించిన ఆ గుడిలో దర్శనం చేసుకుని, రేవులో పడవెక్కి, అవతల బేలూరు మఠం కూడా చూసి, మళ్లీ పడవలో వచ్చి రైలెక్కిందట. ఆ పడవ సంగతి మేము అనుకోనే లేదు. "దారి తప్పలేదూ?" అన్నాను. "ఒకచోట తప్పాను. అడిగాను. కాలేజీ పిల్ల ఒకతె మాషీమా అంటూ చెయ్యి పట్టుకుని రేవు దాకా తీసికెళ్లింది. అంతే," అని మంచినీళ్లు తాగింది. మెట్రో టిక్కెట్టు మిగల్లేదు గాని, పడవ టిక్కెట్టు కాగితం ముక్క కొంగున ముడివేసి వుంది. దాన్ని జాగ్రత్తగా విప్పి, కళ్లజోడు పెట్టెలో పెట్టుకుంది.

ఊరికి తిరిగి వచ్చాక పిన్ని తన చెల్లెలి ఊరికి తనే బస్సెక్కి వెళ్లి వస్తోంది. మునుపు కొడుక్కి సెలవు దొరికేదాకా ఆగేది. ఆ కొడుకు నాకు ఫోను చేసి, "అక్కయ్యా, అమ్మకి కలకత్తాలో ఏం నేర్పావు?" అని అడిగాడు. నేర్పిందేమీ లేదు. ఒక గీత గీసి ఇచ్చాను, అంతే.

అందుచేత, ఉత్తరం రాసిన సోదరీమణులారా, నా జవాబు ఇది. స్టేషను నుంచి బసకి సామానుతో వెళ్లేటప్పుడు కారు మాట్లాడుకోండి. మరునాటి నుంచి లాంచీ, మెట్రో, ట్రాము, బస్సు ఎక్కండి. వెళ్లేముందే ఆ ఊరి దారుల బొమ్మ ఒకటి చేత్తో గీసుకోండి. చిల్లర మార్చుకోండి. టిక్కెట్లన్నీ ఒక్కరి జేబులో పెట్టవద్దు. ఎవరిది వారికి ఇవ్వండి, పన్నెండేళ్ల పిల్లకయినా సరే, డెబ్బై ఏళ్ల అత్తగారికయినా సరే. ఒక పూట ఎవరయినా ఒంటరిగా వెళ్లొస్తానంటే, పగలయితే, దారి తిన్ననిదయితే, వెళ్లనివ్వండి.

కలకత్తా దాకా వెళ్లలేనివారికి అభ్యాసం ఇంటి దగ్గరే వుంది. తెలంగాణాలో 2023 డిసెంబరు 9 నుంచీ, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచీ సర్కారు వారి బస్సులు చాలావాటిలో ఆడవాళ్లకి టిక్కెట్టు డబ్బు అక్కర్లేదు. మీ వీధి చివర ఆగే బస్సు ఎక్కడిదాకా వెళుతుందో మీకు తెలుసా? తెలియకపోతే ఈ ఆదివారం ఎక్కి చివరిదాకా వెళ్లి చూసి రండి. ఏం చూశారో నాకు తప్పకుండా రాయండి.