ట్యాంకు కట్టడం కాదు, నిలబెట్టుకోవడమే సమస్య

వరంగల్: ఊరి బాగు ఊరివాళ్ల చేతుల్లోనే ఉందన్న మాట వేదికలమీద వినపడని ఏడాది లేదు. దాన్ని ఆచరణలో పెట్టిన గ్రామాలు మాత్రం వేళ్లమీద లెక్కించదగినవి. గీసుకొండ మండలం గంగదేవిపల్లి అటువంటి వాటిలో ఒకటి.

1994 వరకు ఇది మచ్చాపూర్ పంచాయతీకి శివారు పల్లె. వేరు పంచాయతీ అయ్యేనాటికి గ్రామాన్ని పట్టి పీడిస్తున్నది తాగునీటి ఎద్దడి. బాలవికాస అనే స్వచ్ఛంద సంస్థ ముందుకు వచ్చింది గాని, ఖర్చంతా తానే భరిస్తానని అనలేదు. గ్రామస్థులు తమ వాటా వేసుకోవాలన్నది షరతు. ఇంటింటా చందా పోగయింది, ట్యాంకు లేచింది. ఆ తర్వాత నీటి నిర్వహణ గ్రామ కమిటీ చేతికే వచ్చింది. ఈ కమిటీల పద్ధతి పారిశుద్ధ్యానికి, చదువుకు, చివరకు కేబుల్ టీవీకి కూడా పాకింది. తొలి పాలకవర్గంలో అందరూ మహిళలే కావడం విశేషం. 2007లో గ్రామానికి నిర్మల్ గ్రామ పురస్కారం లభించింది.

1997 జనవరిలో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ప్రారంభించిన జన్మభూమిలోనూ శ్రమదానం, ప్రజల వాటా ఉన్నాయి. అయితే అది పైనుంచి దిగివచ్చిన పథకం. ప్రజల వాటాను కాంట్రాక్టరే కట్టి పని దక్కించుకుంటున్నాడన్న విమర్శలు అప్పట్లోనే వచ్చాయి. వాటా కట్టనివారికి పని నాణ్యతను నిలదీసే హక్కు ఎక్కడిది?

శ్రమదానంలోనూ ఒక తిరకాసు ఉంది. రెక్కాడితేగాని డొక్కాడని కూలీకి ఒకరోజు శ్రమదానమంటే ఆ రోజు కూలి పోయినట్లే. ఆసామి పార పట్టి ఫొటో దిగి ఇంటికి వెళతాడు. మట్టి మోసేది కూలీలు, రోడ్డు ముందు చేరేది ఆసామి వాకిటికి! 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం ప్రారంభమయ్యాక అటువంటి మట్టి పనికి కూలి ముట్టింది. ఆ తర్వాత ఊరికే పార పట్టమంటే పేదలు వెనుకాడటంలో వింత లేదు, తప్పు అంతకన్నా లేదు. ఉన్నవారు సొమ్ము, లేనివారు వీలైనంత శ్రమ అని గ్రామసభలో ముందే తేల్చుకుంటే ఈ పేచీ ఉండదు.

నిధులు తెచ్చి కట్టించడానికి నాయకులు పోటీ పడతారు. శంకుస్థాపన ఫలకం మీద పేరు పడుతుంది గనుక. మరమ్మతుకు ఫలకం ఉండదు. మోటారు కాలిపోయిననాడు కమిటీ సొమ్ము తీసి మెకానిక్కును పిలవాలా, అర్జీ పట్టుకుని మండలాఫీసుకు పోవాలా? చాలా ఊళ్లకు ఇప్పటికీ తెలిసింది రెండో దారే.