తాళము లేని చదువు, వ్రాయువాని బాధ్యత

కర్ణాటకమున శిడ్లఘట్ట తాలూకా దిబ్బూరహళ్ళి ప్రాంతమున ఇంట తెలుగును, బడిలో కన్నడమును నేర్చి, కంప్యూటరు విద్యకై బెంగళూరు చేరు యువజనులు, తమ చేతిలోని ఆండ్రాయిడ్ ఫోనునకు మూలాధారమైన లినక్సు కర్నెలులో ఆ నగరపు ఇంజనీర్ల పాలును కలదని తెలిసికొనుట మేలు. సీక్వెంట్ సంస్థ యంత్రములకై పాల్ మెకెన్నీ ప్రభృతులు రూపొందించిన ఆర్.సీ.యూ. (రీడ్-కాపీ-అప్‌డేట్) పద్ధతిని లినక్సునకు తెచ్చినవారిలో బెంగళూరు ఐబీఎం శాఖకు చెందిన దీపాంకర్ సర్మా, మనీశ్ సోనీ కలరు. 2002 అక్టోబరున అది కర్నెలులో చేరినది.

కర్నెలులోని కొన్ని పట్టికలను పెక్కు ప్రాసెసర్లు ఏకకాలమున చదువుచుండును, మార్చుట అరుదు. చదువు ప్రతివానికిని లాకు, అనగా తాళము, విధించినచో కాలమంతయు నిరీక్షణకే వ్యయమగును. కావున ఈ పద్ధతిలో చదువరి ఆగడు. మార్చువాడే క్రొత్త ప్రతిని వేరుగా సిద్ధపరచి, పాయింటరును దానివైపునకు త్రిప్పి, అంతకు ముందే చదువ మొదలిడినవారెల్లరు ముగించు వరకు వేచి, పిమ్మటనే పాత మెమరీని విడుచును. శిడ్లఘట్ట పట్టుగూళ్ళ మార్కెట్టున, రైతులు చూచుచున్న ధరల పలకను తుడువక, ప్రక్కన క్రొత్తది నిలిపి, చూచువారు కదలిన పిమ్మట పాతదానిని తొలగించినచో ఎట్లుండునో, ఇదియు నట్టిదే.

లాకు తొలగినంత మాత్రమున నియమము తొలగలేదు; దాని భారము వ్రాయువానిపైకి మరలినది, అంతియే. చదువరియు తాను చదువుచున్నట్లు ప్రకటింపక తప్పదు. ఆ నియమము తప్పిన ఫలమే 2023లో వెల్లడియైన స్టాక్‌రాట్ దోషము: 6.1 మొదలు 6.4 వరకు గల కర్నెళ్ళలో, విడిచిన మెమరీని మరల తాకు అవకాశమేర్పడి, సామాన్య వినియోగదారుడు యంత్రముపై సర్వాధికారము పొందుటకు దారి యయ్యెను.

2022 డిసెంబరున వెలువడిన 6.1 కర్నెలులోనే రస్ట్ భాషకు చోటు లభించినది. అది ఇట్టి ప్రమాదములను పెక్కింటిని కంపైలు వేళనే పట్టునుగాని, ఎవరెంతవరకు వేచియుండవలెనను విచారమును మనకు మారుగా చేయజాలదు. ఆ విచారము నేర్పవలసినది కళాశాలలే. సెమఫోరు మొదలగు నియంత్రణ పద్ధతుల నిర్వచనములను పరీక్షకై కంఠస్థము చేయించుటతో తృప్తిపడక, అందరికిని ఉచితముగా లభించు కర్నెలు మూలమును ముందుంచి చదివించి, దోషములను పట్టు కాసాన్, కేసీసాన్ సాధనములను ప్రయోగశాలలో వాడించి, అర్థము కానిచోట విద్యార్థి మాతృభాషలో విశదీకరింపుడని విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయమునకును, తెలుగునాట గల జేఎన్‌టీయూలకును నా మనవి.