పాత కార్లను రోడ్డెక్కనివ్వాలి

నిజాం స్టేట్ రైల్వే కోసం మాంచెస్టర్ పక్కనున్న సాల్‌ఫర్డ్‌లో జాన్ మోరిస్ అండ్ సన్స్ కంపెనీ 1914లో తయారుచేసిన ఫైరింజను ఒకటి ఇప్పుడు ఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియంలో ఉంది. పేరుకే అది మ్యూజియం వస్తువు. ‘స్టేట్స్‌మన్’ పత్రిక 1964లో మొదలుపెట్టిన పాతకార్ల ర్యాలీలో ఆ బండి ఎన్నోసార్లు పాల్గొంది. ఎవరో లారీమీద ఎక్కించి తెస్తే కాదు, గాలి అక్కర్లేని గట్టి రబ్బరు టైర్లమీద తనంతట తాను నడిచింది. దానికంటే రెండేళ్లు పెద్దదైన మరో హైదరాబాదు బండి చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోరి చేయించుకున్న పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ అది. కారు చేరకముందే 1911లో ఆయన కన్నుమూశారు. ఆ తరవాత కూడా అది తిరిగింది చాలా తక్కువ. నేడు ప్యాలెస్‌కు వచ్చిన ప్రతివాళ్లూ దాన్ని చూస్తారుగానీ, అది కదలగా చూసినవాళ్లు బహు కొద్దిమంది. రెండూ భద్రంగానే ఉన్నాయి. కాకపోతే ఫైరింజను ర్యాలీకి వెళ్లాలంటే దాని ఇంజను, బ్రేకులు, గేర్లు ఎలా పనిచేస్తాయో తెలిసిన మనిషి ఎవరో ఒకరు ఉండి తీరాలి. నిలబెట్టిన కారుకు దుమ్ము తుడిచేవాళ్లుంటే చాలు.

ఈ తేడాలోంచే పాతకార్ల క్లబ్బులను చూడాలని నా అభిప్రాయం. ఆదివారం తెల్లవారుజామున పది పదిహేను పాతబండ్లు వరసగా ఊరు దాటి, ఏ హోటల్లోనో టిఫిన్లు కానిచ్చి, ఎండెక్కకముందే ఇళ్లు చేరుకునే కార్యక్రమాన్ని డబ్బున్నవాళ్ల వేడుకగా కొట్టిపారేయడం తేలిక. వేడుకే, కాదనను. కానీ ఆ వేడుక లేకుండా సంరక్షణ లేదు. పాత యంత్రం వాడితే అరుగుతుంది, వాడకపోతే అంతకంటే వేగంగా చెడుతుంది. కార్బురేటర్‌లో మిగిలిన పెట్రోలు ఎండి జిగురై సన్నటి జెట్లను మూసేస్తుంది. బ్రేక్ ఆయిల్ తేమ పీల్చుకుని వీల్ సిలిండర్లకు లోపలినుంచే తుప్పు పట్టిస్తుంది. ఆయిల్ సీళ్లు ఎండి పగులుతాయి, బ్యాటరీ చచ్చిపోతుంది, బరువంతా ఒకేచోట పడి టైర్లు చదునవుతాయి. పైగా ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్ నీటిని లాగుతుంది, ఆ రోజుల్నాటి రబ్బరు పైపులను పాడుచేస్తుంది. ట్యాంకులో నెలల తరబడి అలా వదిలేస్తే ఏమవుతుందో ఏ మెకానిక్‌ను అడిగినా చెబుతాడు.

యంత్రానికంటే ముందు తుప్పు పట్టేది దాన్ని నడిపే విద్య. సింక్రోమెష్ లేని గేరుబాక్సులో క్లచ్ రెండుసార్లు తొక్కి, మధ్యలో ఇంజను వేగాన్ని అందుకుని గేరు వేయడం ఒక చేతినేర్పు. హ్యాండిల్ తిప్పి స్టార్టు చేసేటప్పుడు ఇంజను ఎదురుతన్నితే చెయ్యి విరగకుండా బొటనవేలిని మిగతా వేళ్ల పక్కకే చేర్చి పట్టుకోవడం మరొకటి. పాయింట్ల గ్యాప్ తేడాను ఇంజను చప్పుడుతోనే పట్టడం, దొరకని భాగాన్ని లేతు మీద చేయించడం, నలిగిన మడ్‌గార్డును సుత్తితో తట్టి పాతరూపు తేవడం కూడా అంతే. ఇవి మాన్యువల్ చదివితే రావు. స్కానర్ తగిలించి తప్పేమిటో తెరమీద చదువుకునే నేటి వర్క్‌షాపులో వీటితో పనీ లేదు. వీణను గాజుపెట్టెలో భద్రపరిచి సంగీతాన్ని కాపాడేశామనుకోవడం ఎలాంటిదో, కారును మాత్రమే దాచి ఈ పనితనాన్ని వదిలేయడం అలాంటిది. క్లబ్బు యాత్రలో ఒక బండి దారిలో ఆగిపోయిందంటే వెనక వస్తున్నవాళ్లంతా దిగి బానెట్ చుట్టూ చేరతారు. ఒకరు చోక్ అంటారు, ఒకరు కాయిల్ వేడెక్కిందంటారు, పెద్దవయసు మేస్త్రీ వచ్చి పెట్రోలు పంపు డయాఫ్రం చూడమంటాడు. ఆ అరగంటలో ఇద్దరు కుర్రాళ్లు నేర్చుకునేది ఏ ప్రదర్శనలోనూ దొరకదు.

మన చట్టం ఈ కార్లను గుర్తించింది, అది మంచిపనే. 2021 జులైలో కేంద్రం మోటారు వాహనాల నియమాలను సవరించి, 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మారకుండా ఉన్న ద్విచక్ర, నాలుగు చక్రాల బండ్లను వింటేజ్‌గా నమోదు చేసే పద్ధతి తెచ్చింది. కొత్త నమోదుకు నంబరు ప్లేటుమీద ‘వీఏ’ అక్షరాలు, 20 వేల రూపాయల ఫీజు, పదేళ్ల గడువు. ఆ తరవాత మళ్లీ నమోదుకు 5 వేలు. ఇంతకుముందే రిజిస్టరైన బండి పాత నంబరు ఉంచుకోవచ్చు. చిక్కు వినియోగం దగ్గర వస్తుంది. ప్రదర్శన, సాంకేతిక పరిశోధన, వింటేజ్ ర్యాలీ, పెట్రోలు పోయించుకోవడం, రిపేరు, వీటికి వెళ్లిరావడం: బండి రోడ్డుమీదికి రావలసింది ఈ పనులకే. క్లబ్బు యాత్ర అనే మాట ఆ జాబితాలో లేదు. ఆదివారం పూట నలుగురు సభ్యులు కలిసి బీదరు కోటదాకా వెళితే అది ర్యాలీనా, కాదా? ఆపిన పోలీసు కాదంటే వాదించడం కష్టం. ఫలితంగా బ్యానరు, స్పాన్సరు, రిబ్బను కత్తిరించే మంత్రిగారు ఉన్న పెద్ద ర్యాలీకి అనుమానాలుండవు. ఎక్కువ మేలు చేసే చిన్న యాత్ర మాత్రం సందిగ్ధంలో పడుతుంది.

ఇతర దేశాలు ఈ ముడిని ఎప్పుడో విప్పుకున్నాయి. అమెరికా ప్రాచీన కార్ల సంఘం 1935లో ఫిలడెల్ఫియాలో పుట్టింది, ఇప్పుడు దాని కేంద్రం హెర్షీ పట్టణం. ఏటా శరదృతువులో హెర్షీలో జరిగే విడిభాగాల సంతకు దేశదేశాలనుంచి జనం వస్తారు. అయితే ఆ సంఘానికి ప్రాణం ప్రాంతీయ శాఖలే: నెలకో వనభోజనం, ఒకరి గ్యారేజీకి అందరూ వెళ్లి చేతులు నల్లచేసుకునే రోజు, ఊరి పండగ ఊరేగింపులో నాలుగు కార్లు. హెర్షీ ఉన్న పెన్సిల్వేనియా రాష్ట్రంలో 25 ఏళ్లు దాటిన బండికి ప్రత్యేక ప్లేటు ఇస్తారు. రోజువారీ వాడకం నిషిద్ధం, కానీ క్లబ్బు కార్యక్రమాలకూ అప్పుడప్పుడు సరదాగా తిప్పడానికీ అనుమతి ఉంది. ఇంగ్లండు కథ ఇంకా పాతది. కారు వేగ పరిమితిని గంటకు 4 మైళ్లనుంచి 14కు పెంచిన చట్టాన్ని పండగ చేసుకుంటూ 1896 నవంబరు 14న లండన్‌నుంచి బ్రైటన్‌కు కార్లు బయల్దేరాయి. 1927లో దాన్ని మళ్లీ మొదలుపెట్టి ఇప్పటికీ నడుపుతున్నారు. 1905కు ముందు తయారైన బండ్లకే అందులో ప్రవేశం. పందెం కాదు, బహుమతులమీద ఎవరికీ యావ లేదు, చేరితే చాలు. చూసేవాళ్లకు టిక్కెట్టు లేదు, దారి పొడవునా ఎక్కడైనా నిలబడవచ్చు. పాతకార్లు కొందరి సొత్తుగా ఉంటూనే అందరి వారసత్వమని జనం ఒప్పుకోవడానికి ఆ టిక్కెట్టులేని రోడ్డే కారణమని నేననుకుంటాను.

పాతకార్లను ఇలా రోడ్డెక్కించడానికి వచ్చే అభ్యంతరాల్లో కాలుష్యం మొదటిది. నిజమే, క్యాటలిటిక్ కన్వర్టర్ లేని పాత ఇంజను కిలోమీటరుకు వదిలే పొగ నేటి కారుకంటే ఎన్నో రెట్లు ఎక్కువ, అందులో సందేహం లేదు. అయితే కాలుష్యాన్ని కిలోమీటర్లతో గుణించాలి. నెలకు ఒకటి రెండుసార్లు తిరిగే కొన్ని పదుల బండ్లకూ, రోజూ రోడ్డుమీద నలిగే లక్షల వాహనాలకూ పోలికే లేదు. రద్దీ, భద్రత అన్నవి ఇంకా గట్టి ప్రశ్నలు. డ్రమ్ము బ్రేకుల బండి ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. సీటు బెల్టులు ఉండవు. కొన్నింటికి మలుపు తిరిగేముందు పక్కనుంచి చిన్న చెయ్యిలాంటి సిగ్నల్ లేస్తుంది, దాని అర్థం నేటి కుర్ర డ్రైవరుకు తెలియదు. కాబట్టి ఔటర్ రింగ్ రోడ్డులాంటి వేగ రహదారులు వద్దు, పట్టపగటి నగరం వద్దు. తెల్లవారుజాము, పాత రోడ్లు, ముందుగా పోలీసులకిచ్చిన మార్గం, ముందొకటి వెనకొకటి కొత్తబండి కాపలా: ఇవన్నీ షరతులుగా పెట్టడంలో తప్పులేదు.

నాకు నిజంగా బరువైనదిగా తోచే అభ్యంతరం వేరే ఉంది. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిలు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లను తిప్పవద్దని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్, 2018లో సుప్రీంకోర్టు చెప్పాయి. పదిహేనేళ్లు దాటిన కారు మళ్లీ రిజిస్టర్ చేయించుకునే ఫీజు 2022 ఏప్రిల్లో 600 రూపాయలనుంచి ఒక్కసారిగా 5 వేలకు పెరిగింది. సెకండ్‌హ్యాండ్ మారుతి మీద సంసారం లాగే మనిషి బండి పదిహేనేళ్లకు తుక్కు, షావుకారు బండి యాభై ఏళ్లకు వారసత్వమా? ఈ ప్రశ్న అడిగేవారి కోపం న్యాయమైనది. దానికి పాతకార్ల ప్రేమికులు ‘మా అభిరుచి వేరు’ అని జవాబిస్తే సరిపోదు. అసలు తేడా వినియోగంలో ఉంది: వింటేజ్ బండితో వ్యాపారం చేయకూడదు, రోజూ తిప్పకూడదు, ఆ కట్టుబాటుకు లోబడినందుకే దానికి మినహాయింపు. కట్టుబాటు గట్టిగా ఉన్నంతకాలమే మినహాయింపుకు అర్థం. అందుకే నేను పన్ను రాయితీలు అడగడం లేదు. బ్రేకులు, స్టీరింగు, లైట్ల తనిఖీ నుంచి తప్పించమనీ అనను. ఆ తనిఖీ ఏటా జరగాలి, ఖర్చు యజమానే పెట్టుకోవాలి. ఒక్క ఫీజు సంగతే ఆలోచించదగ్గది. రోల్స్ రాయిస్ అయినా స్టాండర్డ్ హెరాల్డ్ అయినా అదే 20 వేలు. రోల్స్ యజమానికి అది లెక్కలోకి రాదు, హెరాల్డ్ యజమాని ఓ రిటైర్డ్ మాస్టారైతే బండిని తుక్కువాడికి తూకం వేయడమే నయమనుకుంటాడు.

ఆ హెరాల్డ్ యజమానే ఇకమీదట ముఖ్యం. యాభై ఏళ్ల గీత ఏటా ముందుకు జరుగుతోంది. రాజులు, జమీందార్ల కార్లతో నిండిన వింటేజ్ వరసలోకి మధ్యతరగతి బండ్లు వచ్చి చేరుతున్నాయి: 1957 ప్రాంతంలో ఉత్తరపారాలో మొదలై 2014 దాకా తయారైన అంబాసిడర్ తొలి మోడళ్లు, పద్మిని అని పేరు మారకముందరి ఫియట్లు, మద్రాసులో తయారైన హెరాల్డ్‌లు, మైసూరు జావాలు, మద్రాసు బుల్లెట్లు. తాలూకా కచేరీల ముందు ఆగిన కార్లు, పెళ్లివారిని మోసిన టాక్సీలు ఇవి. క్లబ్బులు మాత్రం ఇంకా ప్యాలెస్ పచ్చికలవైపే చూస్తున్నాయి. 2017లో ఫలక్‌నుమాలో జరిగిన కార్టియే పాతకార్ల పోటీలాంటి వాటికి వాటి చోటు ఉంది, అక్కడి పునరుద్ధరణ పనితనం నిజంగా గొప్పది. కానీ పిలుపు ఉన్నవాళ్లే చూసే ప్రదర్శన వల్ల రోడ్డుమీద హక్కు అడిగే బలం రాదు. దొరల కార్ల వైభవాన్ని మళ్లీ ఊరేగించడమేమిటని అడిగేవారికి సమాధానం కూడా ఇక్కడే ఉంది. కారు ముందు పెట్టే బోర్డుమీద హార్స్‌పవరు, మహారాజుగారి పేరుతోపాటు దాన్ని నడిపిన డ్రైవరు, ఇప్పుడు బాగుచేసిన మేస్త్రీ పేర్లు కూడా రాస్తే సగం వాదన అక్కడే తీరుతుంది.

మన రోడ్ల చరిత్ర కార్లతోనే లేదు కూడా. నిజాం రాజ్యంలో 1932లో 27 బస్సులతో ప్రజారవాణా మొదలైంది. ఆనాటి ఆల్బియాన్ బస్సును హైదరాబాదు బస్‌భవన్‌లో ఉంచారు. ఆల్విన్ కంపెనీ ఇక్కడే బస్సు బాడీలు కట్టింది, తరవాత స్కూటర్లూ చేసింది. 1982–83లో ఎన్టీ రామారావు రాష్ట్రమంతా తిరిగిన చైతన్యరథం ఒక పాత షెవర్లే వ్యాను, నడిపింది హరికృష్ణ. తెలుగువాళ్ల రాజకీయాన్ని మార్చిన వాహనమేదని అడిగితే నేను ఏ రోల్స్ రాయిస్ పేరూ చెప్పను. వీటన్నిటికీ చోటున్న క్లబ్బు అయితే ఐటీఐ విద్యార్థులను వెంట తీసుకెళ్లగలదు, జిల్లా కేంద్రంలో జూనియర్ కాలేజీ మైదానంలో బండ్లు ఆపి పిల్లలను హారన్ కొట్టనివ్వగలదు. తలుపు తీసి కూర్చోబెడితే సీటు మాసిపోతుందని భయపడే యజమాని ఇంట్లోనే ఉంటే మంచిది.

కోరవలసింది పెద్దదేమీ కాదు. నియమంలోని ‘ర్యాలీ’ అన్న మాటలోకి నమోదైన క్లబ్బు ముందుగా తెలియజేసిన యాత్రకూడా వస్తుందని రవాణా శాఖ స్పష్టం చేయాలి. నెలకు ఇన్ని రోజులని పరిమితి పెట్టవచ్చు. ఏ బండి ఏ రోజు ఎంతదూరం తిరిగిందో క్లబ్బు పుస్తకంలో రాయాలి, మీటరు అంకెతో సరిపోలాలి; సభ్యుడు తప్పుచేస్తే క్లబ్బు అనుమతి కూడా పోవాలి, అప్పుడు ఒకరినొకరు వాళ్లే కాపలా కాసుకుంటారు. రెండేళ్లపాటు హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నాల్లో ప్రయోగంగా పెట్టి, ఎన్ని యాత్రలు జరిగాయో, ఎన్ని ఫిర్యాదులు, ప్రమాదాలు నమోదయ్యాయో బహిరంగంగా ప్రకటించాలి. లెక్క బాగులేకపోతే అనుమతి వెనక్కి తీసుకోవడానికి ఇంకో సర్క్యులర్ చాలు.